మెండ్ అయిందన్న మాట

స్కార్విక్ రేవు,
యార్క్‌షైర్ తీరం,
1884 ఫిబ్రవరి 4, సోమవారం.

హల్ పట్టణంలో కూతురి ఇంట ఉన్న డమారిస్ మార్వుడ్‌కు, స్కార్విక్ నుంచి కెజియా క్రూక్స్ వందనాలు. దేవుడి దయవల్ల ఇక్కడ మోకాళ్ళు తప్ప తక్కినవన్నీ చెప్పిన మాట వింటున్నాయి. నువ్వూ, లవీనియా, దాని పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం క్రిస్మస్‌కు వారం ముందే అందింది. జవాబు ఇప్పుడు రాయిస్తున్నాను. ఇంతకు ముందు నువ్వు రాసిన మూడు ఉత్తరాలకు అసలు జవాబే లేదు కనుక ఇది తొందర కిందే లెక్క. చేతిరాత నాకు అంతుపట్టదని నీకు తెలుసు. అచ్చక్షరాలైతే బైబిల్లో కూడబలుక్కుంటాను. అందుకని మన మందిరం పాస్టరు గారే చదివి వినిపించారు. నా మొగుడు ఐజాక్ పోయిన సంగతి నీకు హెర్రింగు చేపల పడవవాళ్ళ వల్ల తెలిసిందని, నేను ఒంటరిగా ఉన్నానని దిగులుపడుతున్నావని, మీ గదిలో రెండో మంచం ఖాళీగా ఉందని, మార్చి ఇరవై అయిదులోపల వచ్చెయ్యమని రాశావు. చదవడం అయ్యాక ఆయన కళ్ళజోడు తీసి, ఇటువంటి స్నేహితురాలు ఎంతమందికి ఉంటుంది కెజియా అన్నారు. అవునండీ అన్నాను. ఇంటికి వచ్చి ఉత్తరాన్ని టీ డబ్బాలో పెట్టాను. మళ్ళీ తీసి బైబిల్లో పెట్టాను. అక్కడా ఉండనివ్వలేకపోయాను.

నువ్వు తేదీ ఎందుకు పెట్టావో నాకు తెలుసు. మా వెనక గోడ సంగతి కూడా ఆ పడవవాళ్ళే మోసి ఉంటారు. కొండ అంచు ఏడాదికింత విరిగి సముద్రంలో పడుతోంది. మా పెరడు సగం పోయింది. గోడలో పగులులోంచి నా చెయ్యి దూరుతుంది. మేస్త్రి వచ్చి చూసి, ఇది ఇక మెండ్ అయ్యే, బాగుపడే గోడ కాదవ్వా, మార్చి దాటాక ఇందులో పడుకుంటే నిద్రలోనే సముద్రంలోకి పోతావు అని చెప్పేశాడు.

ఇది రాస్తున్నది మన బడికి కొత్తగా వచ్చిన పంతులమ్మ, మిస్ కెండల్. ముప్ఫై ఏళ్ళుంటాయి. వేళ్ళకు ఎప్పుడూ సిరా. మా ఇద్దరికీ ఒక ఒప్పందం ఉంది. దక్షిణాన ఎవరో పెద్దవాళ్ళు ఇంగ్లీషు మాటలన్నిటికీ ఒక పుస్తకం కడుతున్నారట. ఏ మాట ఎప్పుడు పుట్టింది, ఎవరు ఎట్లా వాడారు, అన్నీ అందులో ఉంటాయట. పుస్తకాలు చదివి, మాట దొరికిన చోటల్లా చీటీ మీద రాసి పంపడానికి ఊరూరా మనుషులు ఉన్నారు. ఈవిడ వంతుకు వచ్చిన మాటల్లో ఒకటి మెండ్. పుస్తకాల్లో ఉన్న చీటీలు కట్టలు కట్టి పెట్టుకుంది గానీ, నోటితో వాడేవాళ్ళు ఎట్లా వాడతారో వినాలని వలల కొట్టానికి వచ్చింది.

వచ్చి ఏమడిగిందనుకున్నావు? మెండ్ అంటే ఏమిటి అని అడిగింది. పన్నెండుమంది ఆడవాళ్ళం, అందరి చేతుల్లో చిరిగిన వలలు. హెప్జీబా గుర్తుందా, ఇంకా బతికే ఉంది, ఎనభై దాటింది, నోరు మటుకు ఇరవైలోనే ఆగిపోయింది. అది వల పైకెత్తి కంతలోంచి పంతులమ్మ మొహం చూసి, “ఇందులోంచి నువ్వు కనిపిస్తే మెండ్ కానట్టు, కనపడకపోతే అయినట్టు. రాసుకో తల్లీ” అంది. కొట్టం అంతా నవ్వు. ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. నిజంగానే రాసుకుంది.

తరవాత నన్ను పట్టుకుంది. మీరు మాట్లాడేటప్పుడు గమనించానండీ, ఈ మాట చాలా రకాలుగా వాడతారు అంది. నాకు తెలియనే తెలియదు. ఆవిడ చెప్పాక నా నోరు నాకే కొత్తగా వినపడింది. వలను మెండ్ చేస్తాం, మేజోడుకు మాసిక వేస్తే మెండ్ అంటాం, సరే. పొయ్యిలో బొగ్గు వేసి నిప్పు ఎగదోస్తే నిప్పును మెండ్ చేశానంటాం. నిప్పు ఎక్కడ చిరిగిందని? జ్వరం దిగినవాణ్ణి మెండ్ అవుతున్నాడంటాం. గాడిద నత్తనడక నడిస్తే నడక మెండ్ చేసుకోవే అని అదిలిస్తాం. తాగుబోతు బుద్ధి మార్చుకుంటే వాడూ మెండ్ అయినట్టే. పంతులమ్మ వాళ్ళ నాన్న ఈక కలాన్ని చాకుతో మళ్ళీ చెక్కేవాడట, దాన్నీ అదే మాట అనేవాడట. అయిదు వాడకాలకు ఒక పాఠం చొప్పున బేరం కుదిరింది. నేను మాటలు ఇవ్వాలి, ఆవిడ నాకు అక్షరాలు దిద్దించాలి. పైన కొసరుగా ఈ ఉత్తరం రాసి పెట్టాలి. అరవై మూడేళ్ళ వయసులో పలక పట్టానని నవ్వకు. కనీసం నా పేరు నేను పెట్టుకుంటే బాగుంటుందనిపించింది.

ఇక్కడ లేచి వెళ్ళి నిప్పు చూసి వచ్చాను. ఇది మూడోసారి లేవడం అని పంతులమ్మ అంటోంది. ఆమె దాన్ని కూడా రాసేసింది చూడు.

రెండో మంచం సంగతి చెప్పాలి. చెప్తాను. ఈ పూటకు చీకటి పడుతోంది, ఆమె మెట్లు దిగి వెళ్ళాలి.


ఫిబ్రవరి 14, గురువారం.

పది రోజులు ఈ కాగితం పంతులమ్మ దగ్గరే ఉండిపోయింది. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పని ఉందని పంపేశాను. ఇవాళ మాత్రం గుమ్మంలో అడ్డంగా నిలబడింది. మీరు పని లేకుండా ఇంట్లో ఈ మూల నుంచి ఆ మూలకు తిరగడం కిటికీలోంచి చూశానండీ అంది. దాంతో కూర్చున్నాను.

పొద్దున్నే హెప్జీబాకూ ఆమెకూ పెద్ద యుద్ధం జరిగింది. అది చెప్తాను, నీకు నవ్వు వస్తుంది.

పంతులమ్మకు ఆ పుస్తకం వాళ్ళ దగ్గర నుంచి కాగితాలు వచ్చాయి. మెండ్ మన మాట కాదట. దండెత్తి వచ్చిన ఫ్రెంచి దొరల నోట వచ్చిన మాటట. ముందర ఇంకో అక్షరం ఉండేదట, అమెండ్ అని. మనవాళ్ళు వాడి వాడి తల కొట్టేశారట. హెప్జీబా వల కింద పడేసి లేచింది. వాళ్ళ తాత ఫ్రెంచివాళ్ళ మీద యుద్ధానికి పోయి ఒక కాలు అక్కడే వదిలి వచ్చాడు కదా. “మా తాత కాలు తీసుకుని వాళ్ళు మనకిచ్చింది ఈ మాటా? తిరిగి ఇచ్చెయ్యి, కాలు తెప్పించు” అంది. పంతులమ్మ నవ్వు ఆపుకుంటూ, వాళ్ళు రాకముందు మన వైపు ఏమనేవాళ్ళో తెలియాలంది. అప్పుడు హెప్జీబా, ఇంతసేపూ తిట్టింది తను కాదన్నట్టు, మా అమ్మమ్మ వల బీట్ చెయ్యి, నిప్పు బీట్ చెయ్యి అనేది, ఆవిడ మెండ్ అనగా నేనెప్పుడూ వినలేదు అంది. ఆ పిల్ల ముఖం చూడాల్సింది డమారిస్. బంగారు నాణెం దొరికినట్టు. ఈ బీట్ అంటే కొట్టడం కాదట, బాగుచెయ్యడమట, అసలు మన పాత మాటేనట, బెటర్ అన్న మాటకు చుట్టమట. వెయ్యేళ్ళ నుంచీ ఉండి, మెండ్ వచ్చాక మూలకు నక్కిందట. హెప్జీబా పన్ను లేని నోట్లో ఇంకా ఉంది. పంతులమ్మ దాని చేతులు పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ముసలిది సిగ్గుపడింది. పుట్టాక మొదటిసారి.

అక్కడితో ఆపేస్తే బాగుండేది. నేనే ఊరుకోలేక, ఆ ఫ్రెంచివాళ్ళకు ఎక్కడిదమ్మా అన్నాను. లాటిను నుంచి అంది. లాటినులో మెండుమ్ అంటే తప్పు, లోపం. ఆ తప్పును బయటికి లాగెయ్యడం అని అసలు అర్థమట. అదే వేరు నుంచి ముష్టివాడికి కూడా పేరు పుట్టిందట, ఒంట్లో లోపం ఉన్నవాడు అని. ఇంకో సంగతి చెప్పింది. ఆమె దగ్గరున్న చీటీల్లో అన్నిటికన్నా పాతవి, ఆరు వందల ఏళ్ళ నాటివి, వాటిలో వల లేదు, మేజోడు లేదు. మనిషి ఉన్నాడు. మనిషి తన బతుకును మెండ్ చేసుకోవాలి, చేసిన పాపాన్ని మెండ్ చేసుకోవాలి అని ఉంది. బట్టకూ కుండకూ ఆ మాట వాడడం తరవాత వచ్చిందట.

నేను ఇన్నేళ్ళూ అది బట్టల మాటే అనుకున్నాను. మనుషులకు ఏదో పోలిక కోసం అరువు తెచ్చుకున్నాం అనుకున్నాను. అది తలకిందులట.

తప్పును బయటికి లాగాలంటే అది ఎక్కడుందో ముందు తెలియాలి కదా అన్నాను. ఎవరికి తెలియాలండీ, చేసినవాళ్ళకా, పడ్డవాళ్ళకా అని అడిగింది. చిన్నపిల్ల, మామూలుగానే అడిగింది.

అందుకని రూబెన్ సంగతి ఇవాళ చెప్తాను. మన ఇద్దరి మధ్యా ఇరవై రెండేళ్ళుగా ఎవరూ ఎత్తని సంగతి. రాస్తున్న పంతులమ్మకు ఏమీ తెలియదు కాబట్టి మొదటినుంచి చెప్పాలి, నీకు తెలిసిందే అయినా ఓర్చుకో.

అప్పట్లో ఈ రేవులో తెరచాప కుట్టాలంటే నేనే. నా కుట్టు మీద మగవాళ్ళకు ఎంత గురి అంటే, కెజియా దబ్బనం తగిలిందంటే దానికి దేవుడి పూచీ ఉన్నట్టే అనేవాళ్ళు. అరవై ఒకటో సంవత్సరం అక్టోబరులో ఒక శుక్రవారం సాయంత్రం నీ మొగుడు రూబెన్ తెరచాప తెచ్చి ఇచ్చాడు. రెండు గుడ్డలు కలిసే చోట మూర పొడుగున కుట్టు విడిపోయింది. సోమవారం తెల్లవారుతూనే నువ్వు వచ్చావు. అడిగావు, చెప్పాను, చాప భుజాన వేసుకుని మెట్లు దిగి వెళ్ళావు. ఆ పొద్దున సముద్రం పాలగిన్నెలా ఉంది. రూబెన్, అతని తమ్ముడు సైలస్ తెడ్లు వేసుకుంటూ పోయారు. మధ్యాహ్నం ఈశాన్యం నుంచి గాలి లేచింది. అందరం రేవుకు పరుగెత్తాం. వాళ్ళు ఇంటి ముఖం పట్టి చాప ఎత్తడం మన కళ్ళతో చూశాం. ఎత్తిన చాప ఎత్తినట్టే నిలువునా చీలడమూ చూశాం. ఆ తరవాత పడవ రాళ్ళ మీదకు కొట్టుకుపోవడానికి ఎంతసేపు పట్టిందో నాకు గుర్తు లేదు. హెప్జీబా మాత్రం కీర్తన రెండు చరణాలు పాడేంత సేపు అంటుంది.

రూబెన్ మూడో రోజు దొరికాడు. సైలస్ దొరకలేదు. చాప ముక్క కూడా దొరకలేదు.

ఊళ్ళో కొందరు నా వైపు చూశారు. చూడకుండా ఎట్లా ఉంటారు. నువ్వు ఆ తడి ఇసక మీద నిలబడి, వాళ్ళందరూ వినేలా నా రెండు చేతులూ పట్టుకుని అన్నావు.

“ఆ కుట్టు తెగింది కెజియా. నీ తప్పు కాదు. ఆ గాలికి దేవుడు కుట్టినా తెగేదే.”

ఆ ఒక్క మాటతో ఊరంతా నోరు మూసుకుంది. ఈనాటి వరకూ నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు.

తరవాత రెండు నెలలకు ఇత్తడి పళ్ళెం గొడవ. నేను అరువిచ్చిన పళ్ళేనికి నువ్వు సొట్ట వేశావని వీధిలో నిలబడి అరిచాను. పొట్టలో బిడ్డతో, నల్లబట్టల్లో ఉన్నదానివి, నువ్వు అట్లాగే నన్ను చూస్తూ నిలబడ్డావు. మర్నాడు కొత్త పళ్ళెం తెచ్చి గుమ్మంలో పెట్టి వెళ్ళావు. నేను దాన్ని లోపలికి తీసుకోలేదు, నీతో మళ్ళీ మాట్లాడలేదు. వసంతంలో నువ్వు మీ అన్న దగ్గరికి హల్ వెళ్ళిపోయావు. బండి మన వీధి దాటుతుంటే నేను తలుపు వెనక ఉన్నాను.

పంతులమ్మ ఇక్కడ కలం ఆపి, పళ్ళెం కోసమా అంది. రాయమ్మా, పళ్ళెం కోసమే అని రాయి అన్నాను.


మార్చి 1, శనివారం.

ఈ ఉత్తరం ఇవాళ పూర్తి కావాలి. పంతులమ్మ కూడా గట్టిగా చెప్పింది. ఆమెకు కావలసిన మాటలన్నీ ఇచ్చేశాను. నాకు రావలసిన అక్షరాలన్నీ వచ్చేశాయి. వంకర్లు పోతాయి గానీ వచ్చాయి.

ఈ రెండు వారాలూ నాకు కాలు ఒకచోట నిలవలేదు. కొండ అంచుకు వెళ్తాను, మందిరానికి వెళ్తాను, తలుపు దాకా వెళ్ళి తిరిగి వస్తాను. రూబెన్ సమాధి రాయి మీద పాచి గీకాను. చక్కగా కనపడుతోంది ఇప్పుడు పేరు. గీకడం అయ్యాక నీకు చెప్పుకోవడానికి ఒక మంచి పని దొరికిందని సంతోషం వేసింది. వెంటనే ఆ సంతోషం మీద అసహ్యం వేసింది. అంత చిన్న పనికి అంత పెద్ద సంతోషం ఏమిటి.

మంగళవారం ఈనాక్ వచ్చాడు. నీకు తెలియదు, నువ్వు వెళ్ళాక పుట్టినవాడు, చిన్న పడవ ఉంది. భుజం మీద తెరచాప. విట్బీలో కుట్టేవాడు జబ్బుపడ్డాడట, నువ్వు ఒకప్పుడు ఈ రేవుకే పేరున్న చెయ్యివట కదా అవ్వా, నాలుగు కుట్లు వేసిపెట్టు అన్నాడు. ఆ అక్టోబరు తరవాత నేను వలలు చూశాను, మేజోళ్ళు చూశాను, తెరచాప మాత్రం ముట్టలేదు. రూబెన్ మీద గౌరవంతో మానేశానని ఊళ్ళో చెప్పుకుంటారు. నేను కాదనలేదు. అది కూడా ఊరు నాకిచ్చిన మర్యాదే, కాదనకుండా ఉంచుకున్నాను.

కుట్టను అన్నాను. వాడు నవ్వి, ముట్టుకుంటే కరుస్తుందా అన్నాడు. చాపను బల్ల మీద పడేసి పోయాడు. సాయంత్రం దాకా చూశాను. చివరికి విప్పాను. ఎక్కడా మడత లేకుండా పూర్తిగా విప్పి, పైనుంచి కిందికి ప్రతి కుట్టూ వేలితో తడిమాను. రెండు చోట్ల చిరిగింది, మూడో చోట చివికిపోయింది. దబ్బనం ఇంకా అదే ఉంది, నూనె గుడ్డలో చుట్టి దాచినది. బుధవారం, గురువారం కుట్టాను. వేళ్ళు వంగవు, కళ్ళు కనపడవు. ఒక కుట్టు వేసి రెండు విప్పాను. శుక్రవారం వాడొచ్చాక, తీసుకెళ్ళే ముందు ఇక్కడే విప్పి చూసుకో అన్నాను. నీ కుట్టును అనుమానిస్తానా అవ్వా అన్నాడు.

“అనుమానించు. ఎవరి మాట మీదా చాప తీసుకెళ్ళకు” అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, వాడు బెదిరిపోయి బల్ల మీద పరిచి, మూర మూరా చూశాడు. కుట్లన్నీ ఉన్నాయి. పోయాడు.

పోయాక కుర్చీలో కూలబడ్డాను. ఒళ్ళు తేలికపడుతుందనుకున్నాను. పడలేదు. ఇంకా బరువెక్కింది.

పంతులమ్మ చీటీల్లో ఒక సామెత ఉంది. మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే, మందిరంలో పెద్దమ్మలు ఎప్పుడూ అనేవాళ్ళు. ఎంత తక్కువ మాట్లాడితే అంత తొందరగా మెండ్ అవుతుంది అని. ఇది నాలుగైదు పుస్తకాల్లో దొరికింది మిసెస్ క్రూక్స్, మీ వాడకం కూడా చేర్చనా అని అడిగింది. చేర్చకమ్మా అన్నాను. ఎందుకండీ అంది. ఇరవై రెండేళ్ళు వాడి చూశాను, అది పని చెయ్యదు అన్నాను. అది చీటీ మీద రాయడానికి వీల్లేదండీ, పుస్తకానికి అర్థం కావాలి గానీ నిజమో అబద్ధమో అక్కర్లేదు అంది. నవ్వుతూనే అంది. తరవాత నా మొహం చూసి నవ్వు ఆపేసింది. మంచి పిల్ల.

ఇక నువ్వు అడిగినదానికి వస్తాను. రెండో మంచం.

రావాలని ఎంత ఉందో చెప్తే నువ్వు నమ్మవు. పాస్టరు గారు చదివినప్పటి నుంచీ ఆ గది నాకు కళ్ళకు కట్టింది. కిటికీ వీధి వైపుకు ఉందా, వెనకవైపుకా అని కూడా ఆలోచించాను. ఇద్దరం ఒకే దీపం దగ్గర మేజోళ్ళు ముందేసుకుని కూర్చుని, రాత్రి ఎవరు ముందు కునుకుతారో అని పందెం కాయడం. మనకు పదహారేళ్ళప్పుడు మీ అమ్మ వల కింద కూర్చుని కాసిన పందేలే. ఇక్కడ నాకు మిగిలింది పగిలిన గోడ, హెప్జీబా తిట్లు. హెప్జీబా తన ఇంట్లో మూల ఇస్తానంది. దాని ఇంట్లో మూల అంటే నిజంగా మూలే, కోళ్ళు లేచిపోవాలి ముందు.

పంతులమ్మ ఇప్పుడు అడుగుతోంది, వస్తున్నట్టు రాయనా, రానట్టు రాయనా అని. రెండూ వద్దు, కింద సగం పేజీ ఖాళీగా వదిలెయ్యి అన్నాను. పేరు పెట్టడానికి అంత చోటెందుకండీ అంది. నా అక్షరాలు పెద్దవి అన్నాను. ఆమె నావైపు ఒకసారి చూసి, సిరా బుడ్డి ఇక్కడే వదిలి వెళ్తాను, సోమవారం వచ్చి తీసుకుంటాను అంది. పోస్టులో ఎవరు వేస్తారంటే నేనే వేస్తాను అన్నాను.

లవీనియాకూ పిల్లలకూ నా ఆశీస్సులు. నీ దగ్గు ఎట్లా ఉందో రాయలేదు నువ్వు. నీ గురించి ఎప్పుడూ రాయవు.

ఇట్లు, నీకు ఒకప్పటి నేస్తం,
మిస్ కెండల్ చేతి ద్వారా,
కెజియా క్రూక్స్.


తా.క. డమారిస్, ఇది నా రాత. పంతులమ్మకు తెలియదు. రెండు రోజులు పట్టింది. నువ్వే చదువు. లవీనియాకు ఇవ్వకు.

ఆ కుట్టు తెగలేదు. కుట్టు లేదు.

రూబెన్ శుక్రవారం ఇచ్చాడు. శనివారం కుడదాం అనుకున్నాను. శనివారం ఐజాక్ విట్బీ పోదాం అన్నాడు. పోయాం. నీలం రిబ్బన్ కొని పెట్టాడు. ఆదివారం సూది పట్టకూడదు. సోమవారం లేచి కుడదాం అనుకున్నాను. నువ్వు ముందే వచ్చావు. మెండ్ అయిందా అని అడిగావు. సిగ్గు వేసింది. అయింది అన్నాను. చాప మడత పెట్టి ఉంది. చిరుగు లోపల ఉంది. నువ్వు భుజాన వేసుకున్నావు. గాలి లేదు, తెడ్లతో పోతారు, సాయంత్రం తీసుకుని కుడతాను అనుకున్నాను. నువ్వు మెట్లు దిగే దాకా చూస్తూ ఉన్నాను. పిలిస్తే వినపడేది. పిలవలేదు.

దబ్బనంలో దారం కూడా ఎక్కించలేదు.

రేవులో నువ్వు నా చేతులు పట్టుకుని అన్న మాట నాది కాదు. నేను తీసుకున్నాను. ఇరవై రెండేళ్ళు ఉంచుకున్నాను. పళ్ళేనికి సొట్ట ముందే ఉంది. నీ మొహం చూడలేక గొడవ పెట్టాను.

నువ్వు రమ్మన్నది కుట్టిన కెజియాను. ఆమె లేదు. ఉన్నది నేను. ఇది చదివాక కూడా రమ్మంటే వస్తాను. రమ్మనకపోయినా నువ్వు మంచిదానివే.

కెజియా